కళ్ళంలో పొగడ చెట్టు: పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి. నాన్న పోయారు, లేదా నాయనమ్మ పోయింది, భూమి మిగిలింది, అందులో వాళ్ళ పేరు మీద కంటికి ఇంపుగా ఏదైనా చెయ్యాలని ఉంది, ఎలా? సంక్రాంతి దగ్గర పడుతోంది కదా, పెద్దలకు బట్టలు పెట్టే రోజు వస్తోందంటే మనవాళ్ళ మనసు అటే పోతుంది. కుండీలో గులాబీకి పేనుబంక పట్టిందని రాసిన ముగ్గురూ ఏమీ అనుకోకండి, మీ సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: టీచరమ్మా, మాది ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర పల్లె. నాన్న పోయి ఏడాది కావస్తోంది. గెడ్డ (వాగు) పక్కన తాత కొన్న మెట్ట 1 ఎకరం 20 సెంట్లు ఉంది. నాన్న ఉన్నంతకాలం ఉలవలు, కందులు వేసేవారు, ఇప్పుడు బీడు. అన్నయ్య అక్కడ పాలరాతి మండపం కట్టి నాన్న ఫొటో పెడదామంటున్నాడు, మేస్త్రి 2,70,000 చెప్పాడు. నాకేమో ఆ నేలంతా పూలతోట చెయ్యాలని ఉంది. ఆ మాట అంటే మా పెదనాన్న "పంట నేలలో పూలమొక్కలేంట్రా, ఉద్యోగం చేసి చేసి మతి పోయిందా" అన్నారు. నేను విశాఖలో ఉంటాను, ఏడాదికి మూడుసార్లు వస్తాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: బాబూ, ముందు మీ పెదనాన్నగారి మాటే తీసుకుందాం, ఎందుకంటే ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. ఆ మెట్ట మీద వచ్చిన ఉలవలు తిని పెరిగిన మనిషికి, దాన్ని పార్కు చేస్తానంటే కడుపులో తిప్పినట్టే ఉంటుంది. అయితే మనవాళ్ళు సప్తసంతానాలని లెక్క పెట్టినప్పుడు కొడుకుతో పాటు చెరువునీ, గుడినీ, కావ్యాన్నీ, వనాన్నీ కూడా సంతానంలోనే వేశారు, కాబట్టి తోట వెయ్యడం కొత్త పిచ్చేమీ కాదని ఆయనతో చెప్పవచ్చు. ఒప్పుకుంటారని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

మండపం గురించి నా సొంత అనుభవం చెబుతాను. మా తాతయ్యకి మా నాన్న, చిన్నాన్నలు కలిసి గెడ్డ గట్టు మీద మండపం కట్టించారు. తెల్ల టైల్స్, నాలుగు స్తంభాలు, పేరు చెక్కిన రాయి, భోజనాలు, అన్నీ ఘనంగానే జరిగాయి. నాలుగో ఏడాదికి టైల్స్ కింద నీరు చేరి ఒక్కొక్కటే లేచిపోయాయి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం అందులో మేకలు పడుకుంటాయి. మేకలకి నీడ ఇచ్చిన పుణ్యం తాతయ్యకి దక్కుతోందనుకుని ఊరుకున్నాం.

అదే పొలంలో కళ్ళం మూల మా నాయనమ్మ నాటిన పొగడ చెట్టుంది. పొగడ పువ్వు చూశారు కదా, వేలి గోరంత, పాలమీగడ రంగు, చక్రంలా అంచులు చీలి ఉంటుంది, నడుమ చిన్న బొక్క. తెల్లారేసరికి చెట్టు కింద రాలి ఉంటాయి. దారం అక్కర్లేదు, గడ్డిపోచకి గుచ్చుకోవచ్చు. నాయనమ్మ ఆ దండల్ని ఎండబెట్టి ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య పెట్టేది. వాడిపోయి గోధుమరంగుకి తిరిగినా వాసన పోదు, అదే దాని గొప్ప. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆవిణ్ణి చూడని పిల్లలు కూడా దాన్ని నాయనమ్మ చెట్టనే అంటారు. పక్క పొలం ఒడియా వాళ్ళు వాళ్ళ భాషలో బఉళ చెట్టంటారు, అయినా కూలీలకి గుర్తు చెప్పాలంటే "తెలుగు నాయనమ్మ చెట్టు దగ్గరికి రండి" అంటారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చుట్టుపక్కల జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. పొగడకి రెండు కొమ్మలు విరిగాయి, అంతే.

ఇదంతా విని చెట్టు మీద ప్రేమ పుట్టి రేపే నర్సరీకి పరిగెత్తకండి. నేను చేసిన తప్పు అదే. తిత్లీ తరవాత ఏడాది జూన్‌లో కడియం నుంచి 60 మొక్కలు తెప్పించాను. ఎరుపూ పసుపూ పూసేవన్నీ, తురాయి, టెకోమా, పేరు నోరు తిరగని పామ్ చెట్లు. నీళ్ళు పొయ్యడానికి మాట్లాడిన మనిషి వరికోతలకి వెళ్ళిపోయాడు, అతని తప్పు లేదు, కోతల్లో కూలి ఎక్కువ. ఉగాదికి వెళ్ళి చూస్తే 11 మిగిలాయి, ఆ 11లో 10 గన్నేరే, మేక నోరు పెట్టదు కాబట్టి. డబ్బు పోయిందని కాదు గానీ, ఆ ఎండిన పుల్లల మధ్య నిలబడితే నాయనమ్మ ముందు తలెత్తుకోలేనట్టు అనిపించింది.

అందుకని ఈ చలికాలంలో మీరు ఒక్క మొక్క కూడా నాటకండి. పండక్కి వచ్చినప్పుడు మీ పెదనాన్నని ఒక కుర్చీతో సహా మెట్టకి తీసుకెళ్ళండి, పొద్దున్నే, ఎండెక్కకముందు. కళ్ళం ఎక్కడుండేది, నాన్న చద్దన్నం మూట ఏ కొమ్మకి తగిలించేవారు, బావి తవ్వితే ఎక్కడ రాయి తగిలింది, వానాకాలం గెడ్డ పొంగితే నీరు ఎక్కడిదాకా వస్తుంది, అన్నీ అడగండి. ఆయన చెప్పిన చోటల్లా ఒక రాయి పెట్టుకుంటూ వెళ్ళండి. పూలతోట వద్దన్న మనిషే "ఇక్కడ కాదురా, ఇంకాస్త ఇటు" అని లేచి వచ్చి చూపిస్తారు, చూడండి. మీ మెట్టలో పుట్ట ఉంటే దాన్ని కదపొద్దు. నాగులచవితికి పాలు పొయ్యడానికి ఊళ్ళో పుట్టలే మిగలక జనం ఎవరెవరి పొలాలకో పోతున్నారు.

మొత్తం నేలంతా తోట చెయ్యొద్దు. 20 సెంట్లు చాలు. మిగతా ఎకరంలో పంటే ఉండనివ్వండి, కాకపోతే ఒక ముక్కలో వలిశలు చల్లించండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో చల్లితే దీపావళి అటూఇటూగా నేలంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది, మెట్టకి పెద్దగా నీరు అడగదు, గింజ నూనెకి పోతుంది. వలిశకి గింజ కట్టాలంటే తేనెటీగ రావాలి, అవి వస్తే పక్కనున్న కందికీ మంచిదే. పంటే పువ్వయినప్పుడు మీ పెదనాన్న కాదనడానికి ఏం మిగిలింది చెప్పండి!

ఆ 20 సెంట్లకీ మొదటి ఏడాది 12 మొక్కలు మించొద్దు. రెండు పొగడ, ఒక సంపెంగ, ఒక మారేడు, కార్తీకంలో కింద కూర్చుని భోజనం చెయ్యడానికి ఒక ఉసిరి, మూడు పారిజాతాలు, మిగతావి నందివర్ధనం. చుట్టూ వాక్కాయ కంచె, రెండేసి అడుగులకి ఒకటి, ముళ్ళకి మేకలు రావు, కాయలు పప్పులోకి వస్తాయి. మేలో రెండడుగుల గోతులు తీయించి ఎండకి వదిలెయ్యండి, పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక పైమట్టిలో మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపి నాటండి. మీరు ఊళ్ళో ఉండరు కాబట్టి ఒక్కో మొక్క పక్కన ఒక మట్టికుండ పాతించండి, మూతి మాత్రం పైకి ఉండేలా. మెరుగు పూసిన కుండ కాదు, చెమ్మ ఊరే మామూలు కుండ. ఎండాకాలం నాలుగైదు రోజులకోసారి నింపి మూకుడు మూస్తే వేళ్ళు తమకి కావలసింది లాక్కుంటాయి. నీళ్ళు పోసే మనిషికి నెలజీతం వద్దు. దసరాకి ఇన్ని, సంక్రాంతికి ఇన్ని, ఉగాదికి ఇన్ని బతికుంటే మొక్కకి ఇంత అని మాట్లాడండి. నేను రెండోసారి అలాగే చేశాను, 12కి 10 బతికాయి.

ఇక టెన్షన్ పెట్టే సంగతి. పట్టా ఎవరి పేరు మీద ఉంది? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, అంటే తాత పేరు మీదే ఉందని నా అనుమానం. ఇటువైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళలో జరిగేది ఇదే, పట్టా ఒడియాలో ఉంటుంది, ఇంట్లో చదవగలిగేవాళ్ళు ఉండరు, దాన్ని దేవుడి పటం వెనక పెట్టేస్తారు. ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ సైటులో ఖాతా నంబరు కొట్టి చూడండి, ఒడియా చదివే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. మా పట్టాలో మా నాన్న పేరులో ఒక అక్షరం తేడాగా పడితే అది సరిచేయించుకోడానికి ఒక ఆఫీసు చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగాం. విస్తీర్ణం డిసిమిల్లో రాసి ఉంటే కంగారు పడకండి, ఎకరానికి నూరు, మన సెంటే అది. మీరూ, అన్నయ్యా, అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళూ, అందరి పేర్లూ ఎక్కించి మ్యుటేషన్ అయ్యాకే గోతులు తియ్యండి. నాటిన చెట్టు మీద తగవు వచ్చిందంటే గొడ్డలి దాకా వెళ్తుంది, చూశాను.

సాగు భూమిని సాగుకి కాక వేరే పనికి వాడాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960లోని 8-ఎ సెక్షన్ కింద తహసీలుకి వెళ్ళి మార్పించుకోవాల్సి ఉంటుంది, చెట్లకి ఆ బెడద లేదు. ఈ ముక్క మీ అన్నయ్యకి నెమ్మదిగా చెప్పండి. అలాగని ఆయన కోరిక పూర్తిగా తీసెయ్యకండి, తండ్రి పోయిన దుఃఖం ఒక్కొక్కళ్ళలో ఒక్కోలా బయటికొస్తుంది. నాన్న చద్దన్నం తిన్న చోట ఒక రాతి అరుగు, నలుగురు కూర్చునేంత, దాని మీద కావాలంటే పేరు. పండగనాడు బట్టలు అక్కడే పెట్టవచ్చు.

ప్రశ్న: మా అమ్మమ్మ నాటిన నాటుమామిడి, వంశధార గట్టున మా తోటలో ఉంది. వయసు అరవై పైమాటే. మూడేళ్ళుగా నాలుగు కాయలు కూడా లేవు. మా మావయ్య కలపవాడికి బేరం పెట్టారు. ఆ చెట్టు ఆవకాయ తప్ప మా ఇంట్లో వేరే ఆవకాయ తెలీదు. కాపాడే దారి ఉందా? (గుణుపురం నుంచి)

జవాబు: ఉంది, రెండు దారులున్నాయి, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

మొదటిది చెట్టుకి. ఇప్పుడు పూత వచ్చే వేళ, ఈ కాపు ఎంతొస్తే అంత చూసుకోండి. కాయలు దిగాక లోపలికి వెలుతురు రాకుండా అల్లుకుపోయిన పెద్దకొమ్మల్లో ఒకటో రెండో రంపంతో కోయించండి, గొడ్డలితో వద్దు, చీలిపోతుంది. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పుయ్యండి. చిగుళ్ళు గుత్తుగా వస్తాయి, అన్నీ ఉంచితే మళ్ళీ అదే గొడవ, బలమైనవి నాలుగైదు ఉంచి మిగతావి తీసెయ్యండి. మరుసటి ఏడు ఇంకో రెండు కొమ్మలు. ఒకేసారి తల నరికితే ముసలి చెట్టు తట్టుకోకపోవచ్చు. మొదలు దగ్గర రంపప్పొట్టులాంటిది రాలుతోందేమో చూడండి, కాండం తొలిచే పురుగు ఉంటే ముందు దాని పని పట్టాలి. కొత్త కొమ్మలు కాపుకి రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, మావయ్యగారు అంతకాలం ఆగుతారా అన్నది మీ ఇంటి విషయం.

రెండోది రుచికి. టెంక పాతితే అమ్మమ్మ చెట్టు వస్తుందని ఆశపడకండి, టెంక మొక్క పులుపు దానిదే, పీచు దానిదే. ఆ చెట్టు పుల్ల తీసి అంటు కట్టాలి. వానాకాలం మొదలయ్యాక, పెన్సిలంత లావున్న, మూడు నాలుగు నెలల వయసు కొమ్మ చివర్లు చూసుకుని, కొయ్యడానికి వారం పది రోజుల ముందే వాటి ఆకులు తుంచెయ్యండి, తొడిమ మాత్రం ఉంచి. మొగ్గ ఉబ్బుతుంది. అప్పుడు కోసి తడిగుడ్డలో చుట్టి అదే రోజు అంటు కట్టే మనిషికి అందించండి. పది కట్టిస్తే నాలుగు బతికినా చాలు. ఒకటి మీకు, ఒకటి మావయ్యకి, ఒకటి దూరంగా ఉన్న పిన్నికి. అంటు మొక్క మూడో ఏటో నాలుగో ఏటో పూస్తుంది, ఆ మొదటి పూత తుంచేస్తేనే చెట్టు బలపడుతుందని చెప్పినా వినే తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ప్రశ్న: మాది గుమ్మ వైపు. తాత కాలం నుంచి సాగు చేస్తున్న చెక్కలో ఒక మూల నిలువు రాళ్ళు గుంపుగా పాతి ఉన్నాయి, మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. అక్కడ తోట వేసి నాన్న పేరు పెడదామనుకున్నాం. రాళ్ళు తీయించెయ్యవచ్చా, లేక తోటలో అలంకారంగా వాడుకుంటే బావుంటుందా?

జవాబు: వద్దు, వద్దు. తియ్యనూ వద్దు, అలంకారమూ వద్దు.

మీరు చెప్పిన దాన్నిబట్టి అవి సవర గిరిజనులు తమవాళ్ళ కోసం నిలబెట్టిన రాళ్ళయి ఉండవచ్చు. మనిషి పోయాక వాళ్ళు గువార్ అనే కార్యం చేసి, పోయినవాళ్ళకి ఒక్కో రాయి నిలబెడతారు. అంటే మీరు మీ నాన్నగారికి చెయ్యాలనుకుంటున్నదే, ఆ మూల ఇంకొకరు వాళ్ళ నాన్నకి ముందే చేసి పెట్టారన్నమాట. సవరల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళం మనం, మనకి ఈ సంగతి తెలియకపోవడం కాస్త సిగ్గుచేటే.

మీ ఊళ్ళోనో పై ఊళ్ళోనో సవర పెద్దలుంటారు. వెళ్ళి అడగండి, ఈ రాళ్ళు ఎవరివి, ఇంకా ఎవరైనా వచ్చి చేసుకునేది ఉందా అని. ఒక్కరే కాకుండా మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి, ఇలాంటి మాటలు ఆడవాళ్ళ మధ్య తొందరగా కలుస్తాయి. వాళ్ళు ఏం చెప్తే అది. దారి వదలమంటే వదలండి. చెట్టు నాటమంటేనే నాటండి.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. గుమ్మ బ్లాకు షెడ్యూల్డ్ ఏరియాలో ఉంది. అలాంటి చోట్ల గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి మారడాన్ని కట్టడి చేసే 1956 నాటి ఒడిశా రెండో నంబరు రెగ్యులేషన్ ఉంది. మీ తాత ఆ చెక్క ఎవరి దగ్గర, ఏ ఏడాది, ఏ కాగితం మీద తీసుకున్నారో చూసి ఒక లాయరుకి చూపించుకోండి. నాన్న పేరు పెట్టే ముందు ఆ కాగితం చదవడం మంచిది. మీరు మంచి మనసుతో రాశారని తెలుసు, అందుకే దాచకుండా చెప్తున్నాను.

ప్రశ్న: నాకు పెళ్ళయి పాతికేళ్ళు. నాన్న 2011లో పోయారు. పుట్టింటి పొలం గట్టున అమ్మానాన్నల పేరు మీద రెండు సంపెంగలు నాటుతానంటే మా అన్నయ్య నవ్వి, "అత్తారింట్లో నాటుకో అమ్మా" అన్నాడు. అన్నయ్యతో తగవు పెట్టుకోవాలని లేదు. కానీ ఆ నవ్వు మరచిపోలేకపోతున్నాను. నాకు ఆ హక్కు లేదా?

జవాబు: అమ్మా, ఆ నవ్వు నాకూ తెలుసు.

హక్కుంది. పొలం నాన్నగారి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 నుంచీ కూతురు కొడుకుతో సమానంగా వారసురాలే. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే 2005 సెప్టెంబర్ 9 నుంచి కూతురికి పుట్టుకతోనే వాటా. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నారా లేదా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడరు. పెళ్ళయిందా లేదా అన్నదానికి దీంట్లో స్థానం లేదు. మీ ఇంట్లో పంపకాల కాగితం ఏదైనా ఉందా, మీరు ఎప్పుడైనా సంతకం పెట్టారా, అది గుర్తు చేసుకోండి. పసుపుకుంకాల కింద ఏదో ఇచ్చి సంతకాలు పెట్టించుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే.

ఇది కోర్టుకి వెళ్ళమని చెప్పడం కాదు, మీరు అడుక్కుంటున్నారని మీరే అనుకోకుండా ఉండడానికి చెప్పాను. మీ అన్నయ్యగారికి బహుశా చట్టం కన్నా చెట్టు సులువు. సంపెంగ గింజ తొందరగా సత్తువ పోగొట్టుకుంటుంది, ఎండబెట్టి దాచితే మొలవదు, కాబట్టి నర్సరీలో అంటు మొక్కే తీసుకోండి, గింజ మొక్క పువ్వు చూడాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. జూన్‌లో మేనల్లుణ్ణి, మేనకోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళి వాళ్ళ చేత గొయ్యి తీయించి నాటించండి. "మేనత్త నాటించింది" అని పిల్లలు చెప్పుకునే చెట్టుని పీకించే అన్నయ్య ఉండడనే నా నమ్మకం. ఉంటే మళ్ళీ రాయండి, అప్పుడు చట్టం సంగతి చూద్దాం.

ప్రశ్న: సమాధి పక్కన పారిజాతం, పొగడ లాంటి రాత్రి వాసనవేసే చెట్లుంటే దయ్యాలొస్తాయని మా వీధిలో అంటున్నారు. నిజమా?

జవాబు: వస్తే రానివ్వండి, మీ వాళ్ళే కదా!

దీపావళి రాత్రి మన ఒడియా పొరుగువాళ్ళు ఏం చేస్తారో చూడలేదా? పుల్లల కట్ట వెలిగించి పైకెత్తి "బడబడుఆ హో" అని పెద్దల్ని పిలుస్తారు, చీకట్లో వచ్చి వెలుగులో వెళ్ళమని. అదే సందులో మన పిల్లలు గోగుకర్రలకి నూనెగుడ్డ కట్టి "దుబ్బు దుబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అని దివిటీలు కొడుతుంటారు. పిలిచేదీ మనమే, వచ్చారని భయపడేదీ మనమేనా? పారిజాతం రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతుంది, రాలిన పువ్వు పూజకి పనికొచ్చేది అదొక్కటే అంటారు. కింద పాత చీర పరిచి పెట్టండి, ఏరుకోడానికి నడుం వంచక్కర్లేదు. రాత్రి పూట చెట్టు కిందికి వెళ్ళేటప్పుడు టార్చి పట్టుకెళ్ళండి, దయ్యాలకి కాదు, పాములకి.

ప్రశ్న: మా అమ్మ పెరట్లో బొడ్డుమల్లె పొద ఉండేది, వేసవిలో రోజుకి నాలుగు మూరలు వచ్చేవి. అమ్మ పోయాక రెండేళ్ళుగా ఆకే తప్ప పువ్వు లేదు. అమ్మతోనే పోయిందని నాన్న అంటున్నారు, దాని వైపే చూడరు. (పర్లాకిమిడి)

జవాబు: అమ్మతో పోలేదు, అమ్మ చేసే పని ఆగిపోయింది. ఆవిడ ఏటా సంక్రాంతి ముందు పొదని కత్తిరించి ఉంటారు, మీరెవరూ గమనించి ఉండరు. మల్లె కొత్త చిగురు మీదే పూస్తుంది. రెండేళ్ళు కత్తెర పడకపోతే పాతకొమ్మ ముదిరి ఆకు మీదే బతుకుతుంది.

ఇప్పుడే సరైన అదను. పదిహేను రోజులు నీళ్ళు ఆపెయ్యండి. తరవాత నేల నుంచి మూరెడు ఎత్తున అంతా కత్తిరించెయ్యండి, ఎండుపుల్లలు మొదలంటా తీసెయ్యండి, మిగిలిన ఆకు చేత్తో దూసెయ్యండి. చూస్తే గుండె తరుక్కుపోతుంది, పుల్లల మోపులా ఉంటుంది, కంగారు పడకండి. మొదలు చుట్టూ గుల్లగా తవ్వి గంపెడు గెత్తం వేసి అప్పుడు నీళ్ళు పెట్టండి. ఫిబ్రవరికి చిగురు, మార్చి నెలాఖరుకి మొగ్గ. పొద్దున్నుంచి ఐదారు గంటల సేపైనా ఎండ తగలాలి, పక్కన మునగో బొప్పాయో నీడ వేస్తుంటే దాని కొమ్మ కొట్టెయ్యండి.

కత్తెర మాత్రం మీరు పట్టుకోకండి, నాన్నగారి చేతికివ్వండి. ఆయన తిడతారు, అయినా ఇవ్వండి. ఏప్రిల్లో ఎన్ని మూరలొచ్చాయో నాకు ఒక ముక్క రాయండి.